పరుగు కోసం బరువులు: ఏప్రిల్ ఎండల నుంచి ఆగస్టు మారథాన్ దాకా

తెల్లవారుజామున కేబీఆర్ పార్కు చుట్టూనో నెక్లెస్ రోడ్డు మీదో పరుగెత్తేవాళ్లని ఆపి "జిమ్‌కి వెళ్తారా?" అని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. "వెళ్లనండీ, కండలు పెరిగితే ఒళ్లు బరువెక్కుతుంది కదా" అనేది ఒకటి. "ఎందుకు చెయ్యం, రోజూ కాసేపు ప్లాంకు, యాభై గుంజీలు ఉంటాయి" అనేది రెండోది. మొదటివాళ్లు అసలు మొదలేపెట్టలేదు. రెండోవాళ్లు చేస్తున్నది బలానికి సరిపోదు. ఆగకుండా యాభై గుంజీలు తీయగలిగితే అది ఓపిక పెంచే పనే, ఆ ఓపిక మీకు పరుగులోనే కావలసినంత వస్తోంది. బలం రావాలంటే ఏడెనిమిదిసార్లకి మించి ఎత్తలేనంత బరువు కావాలి. దెబ్బ తగలకుండా అక్కడికి ఎలా చేరాలో, మన ఎండలకీ ఆగస్టు చివర్లో వచ్చే హైదరాబాద్ మారథాన్‌కీ తగ్గట్టు ఎలా సర్దుకోవాలో చూద్దాం.

బరువులు పరుగుకి ఏం చేస్తాయి

2008లో నార్వేలో ఒక పరిశోధన చేశారు. బాగా శిక్షణ ఉన్న రన్నర్లలో కొందరితో పరుగుకి తోడుగా వారానికి మూడుసార్లు చొప్పున ఎనిమిది వారాలు హాఫ్ స్క్వాట్లు, అంటే బరువుతో సగం దాకా దిగే గుంజీలు, చేయించారు. నాలుగుసార్లకి మించి ఎత్తలేనంత బరువుతో, నాలుగు సెట్లు, అంటే నాలుగు విడతలు. అంతే, ఇంకేమీ లేదు. ఎనిమిది వారాల తర్వాత అదే వేగంతో పరుగెత్తడానికి వాళ్లకి అయ్యే ఆక్సిజన్ ఖర్చు దాదాపు 5 శాతం తగ్గింది. శరీర బరువు మాత్రం పెరగలేదు. బరువులెత్తితే ఒళ్లు పెరిగిపోతుందనే భయానికి ఇంతకంటే సూటి జవాబు లేదు. తక్కువసార్లు, ఎక్కువ బరువు ఎత్తినప్పుడు ముందుగా మారేది కండ సైజు కాదు. ఉన్న కండని నరాలు పూర్తిగా వాడుకోవడం నేర్చుకుంటాయి. పైగా వారానికి 40, 50 కిలోమీటర్లు పరుగెత్తే ఒంటికి కండలు కుప్పగా పెరిగే తీరిక ఉండదు.

రెండో మార్పు స్నాయువుల్లో, అంటే కండని ఎముకకి కట్టి ఉంచే టెండన్లలో వస్తుంది. మడమ వెనక ఉండే ఎకిలీస్ టెండన్ పంగలకర్ర రబ్బరు లాంటిది. పాదం నేలని తాకినప్పుడు సాగి, వదిలినప్పుడు ఆ శక్తిని తిరిగిస్తుంది. రబ్బరు వదులుగా ఉంటే రాయి దూరం పోదు. బరువైన వ్యాయామంతో ఆ టెండన్ గట్టిపడుతుంది, ప్రతి అడుగుకీ కొంత శక్తి ఊరికే వెనక్కి వస్తుంది. 42 కిలోమీటర్లలో వేసే వేల అడుగులకి అది ఎంతవుతుందో మీరే ఊహించుకోండి.

గాయాల సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. 2014లో డెన్మార్క్ పరిశోధకులు రకరకాల ఆటల మీద జరిగిన 25 పరీక్షలని కలిపి చూస్తే, బలం పెంచే వ్యాయామం చేసినవాళ్లలో గాయాలు మూడో వంతు కంటే తక్కువకి పడిపోయాయి. అందరూ చెప్పుకునే లెక్క ఇదే. కానీ న్యూయార్క్ మారథాన్‌కి తొలిసారి సిద్ధమవుతున్న 720 మందిలో ఒక సగానికి, ఇంట్లో సొంతంగా వారానికి మూడుసార్లు పది నిమిషాలు చేసుకోమని వ్యాయామాలు ఇచ్చి చూస్తే పెద్ద తేడా ఏమీ రాలేదు. ఫిన్లాండ్‌లో కొత్త రన్నర్లకి శిక్షకుడి కళ్లముందు తుంటి, నడుము వ్యాయామాలు చేయించినప్పుడు గాయాలు తగ్గాయి. వీటి నుంచి నాకు తోచేది ఇది: వీడియో చూస్తూ పది నిమిషాలు కాళ్లూపితే మోకాలు బాగుపడదు. సరైన పద్ధతిలో, పెరుగుతూ పోయే బరువుతో, నెలల తరబడి చేస్తే ఫలితం ఉండే అవకాశం చాలా ఎక్కువ. అలాగని వారంలో పరుగుని ఒక్కసారిగా రెట్టింపు చేస్తే ఏ స్క్వాటూ కాపాడదు.

ముందు మీ కాళ్లని చూసుకోండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. గోడకి వేలికొనలు ఆనించి ఒంటికాలి మీద నిలబడండి. మోకాలు వంచకుండా మడమ పూర్తిగా పైకెత్తి దించండి. ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. రెండు కాళ్లకీ చెరో 20 నుంచి 25 రావాలి. చాలామంది పాత రన్నర్లు కూడా 12, 15 దగ్గరే ఆగిపోతారు. కుడికీ ఎడమకీ ఐదు కంటే ఎక్కువ తేడా ఉంటే అదీ రాసుకోండి. తర్వాత మామూలు కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఒంటికాలి మీద లేవండి. మోకాలు లోపలికి వాలిపోతోందా? అద్దం ముందు చేస్తే మీకే తెలుస్తుంది. చివరిగా సైడ్ ప్లాంకు, అంటే ఒక మోచేతి మీద పక్కకి ఆనుకుని ఒంటిని తిన్నగా పట్టి ఉంచడం, ఒక్కో పక్కకి 45 సెకన్లు.

నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు, గుండె సమస్య ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని కలవాలి. ముంగాలి ఎముక మీద ఒకే చోట వేలు పెడితే చురుక్కుమంటున్నా, ఒంటికాలి మీద గెంతితే నొప్పి పుడుతున్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా అది ఎముకలో పగులు కావచ్చు. అప్పుడు జిమ్ కాదు, ఎముకల డాక్టరే.

మొదలుపెట్టాల్సింది ఎండాకాలంలోనే

మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటితే రోడ్డు మీద పరుగు నరకం. కిలోమీటర్లు ఎలాగూ తగ్గుతాయి. చాలామంది ఆ రెండు నెలలూ నిట్టూరుస్తూ గడిపేసి, జూన్‌లో తొలకరి పడగానే మీద పడి పరుగెత్తి, జులైలో మోకాలు పట్టుకుని కూర్చుంటారు. ఆ తగ్గిన కిలోమీటర్ల చోటే బరువులకి సరైన చోటు. ఏప్రిల్ మొదట్లో ప్రారంభిస్తే, పరుగు పెంచాల్సిన జూన్ నాటికి రెండు నెలల పునాది పడుతుంది. మొదటి రెండు వారాల ఒళ్లునొప్పులు కూడా పరుగు తక్కువున్నప్పుడే తీరిపోతాయి.

ఇంకో కారణం రూటు. నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే మన మారథాన్ నున్నటి చదును దారి కాదు. ఫ్లైఓవర్లు ఎక్కాలి, దిగాలి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అందరూ దానికే సిద్ధమవుతారు. తొడలని నలిపేది నిజానికి దిగుడు. దిగేటప్పుడు తొడ ముందు కండ సాగుతూనే బరువు ఆపాలి, కండ నారలు చిట్లేది ఆ పనిలోనే. ముందే దానికి అలవాటుపడిన తొడకి నష్టం చాలా తక్కువ. కిందకి నెమ్మదిగా దిగే వ్యాయామాలు అందుకే కావాలి.

వారంలో ఎక్కడ పెట్టాలి

వారానికి రెండు రోజులు, ఒక్కోసారి 45 నిమిషాలు. అంతకు మించి అక్కర్లేదు. ఆదివారం లాంగ్ రన్ చేసేవాళ్లకి ఇలా కుదురుతుంది: సోమవారం విశ్రాంతి. మంగళవారం పొద్దున స్పీడ్ పని (వేగంగా పరుగెత్తే సాధన), సాయంత్రం బరువులు. బుధవారం తేలిక పరుగు. గురువారం పొద్దున తేలిక పరుగు, సాయంత్రం బరువులు. శుక్ర, శనివారాలు కాళ్లని తేలిగ్గా ఉంచాలి.

కష్టమైన పరుగు రోజే బరువులు కూడా ఎత్తమంటే చాలామందికి వింతగా ఉంటుంది. "బుధవారం ఖాళీయే కదా, ఆ రోజు ఎత్తుతా" అంటారు. అలా చేస్తే వారంలో కాళ్లకి నిజమైన విశ్రాంతి దొరికే రోజే మిగలదు. పరుగుకీ బరువులకీ మధ్య కనీసం ఆరు గంటలు ఉంచండి. ఐటీ కారిడార్‌లో ఉద్యోగం చేస్తూ సాయంత్రం ఆరింటి ట్రాఫిక్‌లో జిమ్‌కి చేరడమే గగనం అనేవాళ్లు, పరుగు ముగిశాక ఏదైనా తిని, గంట ఆగి చేసుకోవచ్చు. బరువులు ముందు, పరుగు తర్వాత మాత్రం వద్దు. అలసిన కాళ్లతో స్పీడ్ పని చేస్తే రెండూ పాడవుతాయి.

మొదటి నెల: పద్ధతి నేర్చుకోవడం

ఈ నెల బరువు గురించి ఆలోచించకండి. రెండు మూడు సెట్లు, ఒక్కోదానిలో 10 నుంచి 12 రెప్స్ (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్), ప్లేట్లు తగిలించని ఖాళీ బార్ లేదా చిన్న డంబెల్స్. సెట్ ముగిసేసరికి "ఇంకో నాలుగు చేయగలను" అనిపించాలి. మెత్తటి సోల్ ఉన్న రన్నింగ్ షూతో స్క్వాట్ చేయకండి, మడమ ఊగుతుంది. అడుగు చదునుగా ఉండే బూట్లు వేసుకోండి, జిమ్ వాళ్లు ఒప్పుకుంటే వట్టి కాళ్లు ఇంకా మంచిది.

వ్యాయామాలు ఐదు చాలు. వాటిలో పిక్కల పనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే అందరూ వదిలేసేది దాన్నే.

పిక్కలో రెండు పెద్ద కండలున్నాయి. బయటికి ఉబ్బుగా కనిపించేది గ్యాస్ట్రోక్నీమియస్. దాని కింద దాగి ఉండేది సోలియస్. పరుగులో ఎక్కువ మోత మోసేది ఈ రెండోదే. ఒక్కో అడుగులో అది శరీర బరువుకి ఆరేడు రెట్ల బలం పుట్టించాల్సి వస్తుందని అంచనాలున్నాయి. వయసు పెరిగేకొద్దీ రన్నర్లకి పిక్క పట్టేయడం, ఎకిలీస్ నొప్పి ఎక్కువవుతాయి. అందుకే నలభై దాటినవాళ్లు మిగతావన్నీ మానేసినా దీన్ని మానకూడదు. మోకాలు చాపి మడమలెత్తితే పై కండ ఎక్కువగా పనిచేస్తుంది, వంచి ఎత్తితే సోలియస్ మీద భారం పడుతుంది. రెండూ కావాలి. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడండి. రెండు సెకన్లలో పైకి లేచి, ఒక సెకను ఆగి, మూడు సెకన్లలో మడమ మెట్టు కంటే కిందకి దించండి. గబగబా ఊగితే పని టెండన్ చేసేస్తుంది, కండ ఖాళీగా ఉంటుంది. సోలియస్ కోసం బెంచీ మీద కూర్చుని, మునిపాదం కింద ఒక మందపాటి ప్లేటు పెట్టి, మోకాలి మీద డంబెల్ నిలబెట్టుకుని మడమ ఎత్తండి. సీటెడ్ కాఫ్ మెషిన్ ఉంటే అదృష్టం. కొన్ని నెలలకి ఒక్కో కాలి మీద శరీర బరువులో సగం దాకా పెరగడం మంచి లక్ష్యం. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమ కింద పోటు వచ్చేవాళ్లు వేళ్ల కింద తువ్వాలు చుట్ట పెట్టి, రోజు విడిచి రోజు మెట్టు మీద నిలబడి మడమలెత్తే వ్యాయామం నెమ్మదిగా చేయాలి. అరికాలి నొప్పికి ఈ పద్ధతిని పరిశోధకులు పరీక్షించి చూశారు. మూడు నెలలు ఓపిక పట్టాలి.

రెండోది స్క్వాట్. నేల మీద గొంతుక్కూర్చునే అలవాటు ఉన్నవాళ్లకి సులువుగానే వస్తుంది. డంబెల్‌ని ఛాతీకి ఆనించుకుని మొదలుపెట్టండి. మడమలు లేవకూడదు, మోకాళ్లు పాదాల వేళ్ల వైపే పోవాలి. మోకాలు వేళ్లని దాటకూడదని కొందరు ట్రైనర్లు ఇప్పటికీ అరుస్తుంటారు. దాటినా తప్పు లేదు.

మూడోది రొమేనియన్ డెడ్‌లిఫ్ట్. తొడ వెనక కండకీ పిరుదులకీ ఇది. గోడకి వీపు పెట్టి ఒక అడుగు దూరంలో నిలబడి, నడుము వంచకుండా పిరుదులతో వెనక గోడని తాకండి. ఆ కదలికే డెడ్‌లిఫ్ట్. అది ఒంటికి పట్టాకే చేతిలోకి బరువు తీసుకోండి.

నాలుగోది స్టెప్ డౌన్. అడుగు ఎత్తు కంటే తక్కువ ఉన్న మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలి మడమ నేలని తాకేదాకా నాలుగు సెకన్లలో దిగండి. ఫ్లైఓవర్ దిగుడుకి సిద్ధం చేసేది ఇదే. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి ఉన్నవాళ్లు ఎత్తు తగ్గించుకోవాలి.

ఐదోది సైడ్ ప్లాంకు, పై కాలు ఎత్తి పట్టుకుని. పక్క తుంటికీ నడుముకీ ఒకేసారి పని. కాళ్లకి రబ్బరు బ్యాండ్లు వేసుకుని పీతలా పక్కకి నడవడం వార్మప్‌కి బాగానే ఉంటుంది. దాన్నే వ్యాయామం అనుకోవద్దు.

రెండో నెల నుంచి: బరువు

ఇప్పుడు రెప్స్ తగ్గి బరువు పెరగాలి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ మూడేసి సెట్లు, ముందు ఎనిమిదేసి, రెండు వారాల తర్వాత ఐదారేసి. చివరి రెప్ అయ్యాక "ఇంకో రెండు మాత్రమే వస్తాయి" అనిపించే బరువు పెట్టుకోండి. ఒక్కటి కూడా రానంతగా పోరాడకండి. రన్నర్‌కి ఆ పోరాటంలో లాభం లేదు, మర్నాటి పరుగు పోతుంది. వరుసగా రెండుసార్లు అనుకున్న రెప్స్ హాయిగా పూర్తయితే రెండున్నర నుంచి ఐదు కిలోలు పెంచండి. పిక్కలకీ స్టెప్ డౌన్‌కీ ఎనిమిదేసి రెప్స్ ఉంచండి.

సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఇక్కడే జిమ్ ట్రైనర్లతో గొడవ వస్తుంది. చెమట కారకపోతే పని జరగలేదనుకుంటారు, "కమాన్ సర్, నెక్స్ట్" అంటూ తోస్తారు. మీరు వచ్చింది ఆయాసం కోసం కాదని మొదటి రోజే నవ్వుతూ చెప్పేయండి. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా ఫరవాలేదు. బీపీ ఉన్నవాళ్లు బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, పైకి లేస్తూ వదలాలి.

బార్ కాస్త బరువెక్కాక, అంటే ఆరేడు వారాల తర్వాత, కొంచెం గెంతులు కలపండి. పిక్కలు అప్పటికి సిద్ధంగా ఉంటాయి. స్కిప్పింగ్ తాడుతో 30 సెకన్లు నాలుగుసార్లు చాలు. చిన్నప్పుడు ఆడిన తొక్కుడుబిళ్ల గుర్తుందా? ఒంటికాలితో అలా గళ్లు దాటడమే దీనికి అసలైన వ్యాయామం. మొత్తం 50, 60 గెంతులు, మట్టి నేల మీద. అపార్ట్‌మెంట్ టైల్స్ మీద వద్దు, కింది ఫ్లాటువాళ్లు ఎలాగూ ఊరుకోరు. వీటిని బరువుల కంటే ముందు, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు చేయాలి.

జిమ్ లేకపోతే

మొదటి రెండు నెలలు ఇంట్లోనే నడిపించవచ్చు. ఐదు కిలోల బియ్యం ప్యాకెట్లు బ్యాక్‌ప్యాక్‌లో పెట్టుకుని అపార్ట్‌మెంట్ మెట్ల మీద కాఫ్ రెయిజ్ (పిక్కల కోసం మడమలెత్తడం), స్టెప్ డౌన్. 25 కిలోల బియ్యం బస్తాని గుండెలకి హత్తుకుని స్క్వాట్. నిండు వాటర్ క్యాన్ సుమారు 20 కిలోలు. రెండు చేతులా రెండు పట్టుకుని కారిడార్‌లో నడిస్తే నడుము, భుజాలు, పట్టు అన్నీ పనిచేస్తాయి. జీహెచ్‌ఎంసీ పార్కుల్లోని ఓపెన్ జిమ్ మెషిన్లు మాత్రం ఈ పనికి రావు. వాటిలో బరువు మార్చే వీలుండదు, కాబట్టి పెంచడమూ కుదరదు. పెద్దవాళ్లు కీళ్లు కదిలించడానికి అవి బాగుంటాయి. మూడో నెలకి బస్తా తేలికైపోతుంది, అప్పుడు జిమ్‌లో చేరక తప్పదు.

నొప్పి వస్తే

కొత్త వ్యాయామం తర్వాత ఒకటి రెండు రోజులు తొడలు, పిక్కలు రెండు పక్కలా బరువుగా నొప్పెడితే అది మామూలే. ఒక పక్కే, కీలులోనో టెండన్‌లోనో నొప్పి ఉంటే పదికి మార్కులు వేసుకోండి. మూడు లోపు ఉండి, మర్నాడు పొద్దుటికి పెరగకపోతే అదే బరువుతో కొనసాగించవచ్చు. నాలుగు దాటినా, పొద్దున లేవగానే కుంటుతున్నా బరువు సగానికి దించండి. పూర్తిగా మానేస్తే టెండన్ ఇంకా బలహీనపడుతుంది. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లండి.

తిండి

మన పళ్లెంలో అన్నం కొండలా, పప్పు గుంటలో ఉంటుంది. బరువులెత్తే రన్నర్‌కి కిలో శరీర బరువుకి రోజుకి సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 96 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో వచ్చేది ఆరు గ్రాములే. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు, మధ్యాహ్నం చారుతో సరిపెట్టకుండా ముద్దపప్పు, సాయంత్రం గుప్పెడు వేరుశనగలు, రాత్రి చేపో చికెనో మీల్‌మేకరో, చివర్లో పెరుగు. నూరు గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 50 గ్రాములకి పైగా ప్రొటీన్ ఉంటుంది. శాకాహారులకి అంత చవకైనది ఇంకోటి లేదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఈ లెక్క పాటించకూడదు. బరువు తగ్గాలని తిండి బాగా కోసేసి, పైన పరుగూ బరువులూ రెండూ పెట్టుకుంటే దెబ్బ పడేది ఎముకల మీద. నెలసరి తప్పడం మొదలైన ఆడవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

జూన్ నుంచి రేసు దాకా

వానలు పడి కిలోమీటర్లు పెరిగేకొద్దీ సెట్లు మూడు నుంచి రెండుకి తగ్గించండి. బరువు మాత్రం తగ్గించకండి. చాలామంది తిరగేసి చేస్తారు, బరువు తగ్గించి రెప్స్ పెంచుతారు. అప్పుడు కాళ్లు అలసిపోతాయి, బలమూ నిలవదు. జులై చివర్లో లాంగ్ రన్లు 30 కిలోమీటర్లు దాటే వారాల్లో ఒక్కరోజు ఎత్తినా చాలు, వచ్చిన బలం పోదు.

చివరి బరువైన సెషన్ రేసుకి పది రోజుల ముందు. ఆఖరి వారంలో ఒక్కసారి, సగం బరువుతో, రెండే సెట్లు, అదీ మంగళవారం లోపు. గెంతులు పూర్తిగా ఆపేయండి. రేసు తర్వాత వారం రోజులు జిమ్ వైపు చూడొద్దు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవాల్సిన అవసరం తీరాక సగం బరువుతో మొదలుపెట్టి, మూడో వారానికి పాత బరువుకి రండి. పిక్కల పని మాత్రం రేసైన నాలుగైదు రోజులకే, బరువు లేకుండా, రెండు కాళ్ల మీద మొదలుపెట్టవచ్చు.